మీగడ రంగు కారు

మహర్నవమి పొద్దున్న లక్ష్మీకామేశ్వరి చేతులు పులిహోర కలుపుతున్నాయి గాని, మనసంతా బియ్యం డబ్బా మీదున్న శుభలేఖ దగ్గరే ఉంది. శ్రీకాకుళం నుంచి మరిది త్యాగరాజు కూతురి పెళ్ళికి పంపిన శుభలేఖ అది. నిన్న సాయంత్రం భర్తకు అందిస్తే ఆయన విప్పకుండానే తిరిగిచ్చేశాడు.

“ముందు నా పచ్చ కారు తెచ్చి నా చేతిలో పెట్టమను. పెళ్ళి సంగతి తరవాత,” అన్నాడు.

అనంతపద్మనాభం గారంటే విజయనగరంలో పేరున్న వయొలిన్ పంతులు. అటువంటి మనిషికీ, తోడబుట్టిన తమ్ముడికీ రెండేళ్ళుగా మాటల్లేకపోవడానికి కారణం అరచేతిలో ఇమిడే బొమ్మ కారంటే ఎవరైనా నవ్వుతారు. కామేశ్వరికి మాత్రం నవ్వు రాదు. ఆ పచ్చ కారు ఎక్కడుందో ఆవిడకూ, సైకిళ్ళకు రంగులు వేసే అసిరయ్యకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

నలభై ఏళ్ళ కిందట మామగారు కలకత్తాలో కచేరీకి వెళ్ళి, ఒకే అచ్చులో పోసిన రెండు కార్లు తెచ్చారు. పెద్దవాడికి చిలకపచ్చది, చిన్నవాడికి మీగడ రంగుది. పెద్దవాడికి ఆ పిచ్చి అక్కడితో ఆగలేదు. దొరికిన చోటల్లా కొని అద్దాల బీరువా నింపాడు. తమ్ముడి కారు కూడా అందులోనే ఉండేది. ఇంటికొచ్చిన వాళ్ళకు కాఫీ కంటే ముందు పాఠం మొదలవుతుంది.

“రంగును బట్టి బండి పుట్టుక చెప్పాలండీ. కార్ఖానాలో చిమ్మి, బట్టీలో కాల్చిన రంగైతే పల్చగా, గట్టిగా ఉంటుంది. తలుపు గీత తేటగా కనిపిస్తుంది. కుంచెతో పూసిందైతే గీతలు పూడిపోతాయి, చక్రాల దగ్గర రంగు పేరుకుంటుంది. కళ్ళకు గంతలు కట్టి చేతిలో పెట్టండి, తడిమి చెబుతాను.”

రెండేళ్ళ కిందట ఆయన బొబ్బిలి కచేరీకి వెళ్ళినప్పుడు కామేశ్వరి బీరువా దులుపుతుంటే పచ్చ కారు జారి కింద పడింది. ముందు భాగం మీద రంగు పెచ్చులూడింది. ఆయన కోపం తాటాకు మంటే, కాని ఆ మంట ఆరేదాకా ఎదురుగా నిలబడాలిగా. గుట్టుగా కారును అసిరయ్య కొట్లో ఇచ్చి, రంగు వేసి పెట్టమంది. మర్నాడు త్యాగరాజు వచ్చి, “వదినా, తాతగారి గుర్తుగా దాచుకుంటానని అమ్మాయి అడుగుతోంది,” అని తన కారు తాను పట్టుకెళ్ళాడు. ఆ మర్నాడు అసిరయ్య ఆవిడ చేతిలో పెట్టిన కారు మీగడ రంగులో ఉంది.

“ఆ సిలకపచ్చ నాకాడ నేదు తల్లీ. మీ బీరువాలో ఇంకోటి ఈ మీగడ రంగుదే కదా, జోడీగా ఉంటాదని ఏసీసినాను,” అన్నాడు అసిరయ్య, మెచ్చుకుంటుందన్న ధీమాతో.

ఆవిడ కారును బీరువాలో పెట్టిందో లేదో భర్త ఊరి నుంచి దిగాడు. అద్దంలోంచి చూశాడు. తమ్ముడు వచ్చి వెళ్ళాడని విన్నాడు. ఇంకేముంది, తన కారు వదిలేసి అన్న కారు ఎత్తుకుపోయాడని తేల్చేశాడు. ఆ పూటే ‘దొంగ’ అన్న మాటతో ఉత్తరం వెళ్ళింది. “నా కారే నేను తెచ్చుకున్నాను. ఇక నీ గడప తొక్కను,” అని జవాబొచ్చింది. అప్పటి నుంచి ఆయన ఆ మీగడ రంగు కారును వేలితో కూడా తాకలేదు. కామేశ్వరి ఇవాళ చెబుదాం, రేపు చెబుదామనుకుంటూనే రెండేళ్ళు నెట్టుకొచ్చింది.

“అమ్మగారూ, బళ్ళన్నిటికీ బొట్లెట్టీసినాను,” హాల్లోంచి పనిమనిషి మరిడమ్మ కేకేసింది.

“ఏ బళ్ళకే?” అంటూ వచ్చిన కామేశ్వరి గుమ్మంలోనే నిలబడిపోయింది. బీరువాలోని కార్లన్నీ చాప మీద బారులు తీరి ఉన్నాయి. ప్రతిదాని మూతికీ దిట్టంగా తడి పసుపు, దాని మీద కుంకం.

“అలా సూస్తారేటమ్మా? ఆయుధ పూజ కదా. మా మావ రిచ్చాకి ఎట్టినాడు. బాబుగారు ఫిడేలుకి ఎట్టినారు. ఈటికెట్టకపోతే ఈటి ఉసురు తగలదేటి?”

అప్పుడే పూజ ముగించుకుని అనంతపద్మనాభం వచ్చాడు. పండగ పూట కాబట్టి అరవలేదు. తడిగుడ్డ తెప్పించుకుని కూర్చుని, ఒక్కొక్కటే తుడవసాగాడు.

“చూశావా కామేశ్వరీ, కాల్చిన రంగు గొప్పతనం. పసుపు మరక కూడా పట్టదు.”

తన బళ్ళన్నీ తళతళలాడాయి. తమ్ముడిదనుకున్న కారును మాత్రం మరిడమ్మ వైపు నెట్టాడు. ఆవిడ తుడిచింది, మళ్ళీ తుడిచింది, పైటచెంగుతో రుద్దింది.

“ఇదొక్కటీ పోనేదు బాబూ. పసుపు తాగీసినాది.”

“పోకపోవడమేమిటి? నాన్నగారు తెచ్చిన బండి అది,” అంటూ రెండేళ్ళ తరవాత దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు తలుపు గీత దగ్గర ఆగిపోయింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, అడుగున గోరుతో గీకాడు. చిన్న పెచ్చు లేచింది. దాని కింద చిలకపచ్చ.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “ఇది నా కారే. త్యాగరాజు దీనికి రంగు పూసి, ఇక్కడే పెట్టి, నన్ను వెర్రివాణ్ణి చేశాడన్నమాట. ఎంత గుండె ధైర్యం వాడికి.”

కామేశ్వరి ఆ మాటకు ఊ కొడితే చాలు, గండం గడిచేది. ఇంకో నింద మరిది నెత్తిన పడేది, అంతే.

“ఆయన కాదండీ. నేను.”

ఆపకుండా మొత్తం చెప్పేసింది. చెప్పి, ఉరుము కోసం ఎదురుచూసింది. ఉరుము రాలేదు.

“ఆ రోజే ఎందుకు చెప్పలేదు?” అన్నాడాయన.

“మొదట మీ కేకకు భయపడ్డాను. తరవాత మీరు రాసిన ఉత్తరానికి భయపడ్డాను. రోజులు గడిచేకొద్దీ అసలు నోరే పెగల్లేదు.”

“మరేటి బాబూ,” అంది మరిడమ్మ గుడ్డ పిండుతూ. “మొన్న ఫిడేలు తీగ తెగితే మీరేసిన కేకకి ఈది సివర మా ఆవు తాడు తెంపుకున్నాది.”

అనంతపద్మనాభానికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు చెమ్మగిల్లాయి. “ఏ బండికి ఏ రంగు వేశారో తడిమి చెబుతానని ఊరంతా డప్పు కొట్టుకున్నాను. ఇంట్లో మనిషి నాకు హడలి చస్తోందని మాత్రం తెలుసుకోలేకపోయాను. నన్ను క్షమించు కామేశ్వరీ.”

పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదావిడ. “పులిహోర చల్లారిపోతోంది,” అంది.

“డబ్బాలో సర్దు. మధ్యాహ్నం బస్సుకు శ్రీకాకుళం పోదాం.”

పొద్దు వాలే వేళకు వాళ్ళు వెళ్ళేసరికి త్యాగరాజు అరుగు మీద పెళ్ళి సామాన్ల జాబితా రాసుకుంటున్నాడు. అన్నను చూసి జాబితా పట్టుకునే లేచి నిలబడ్డాడు. వెయ్యిమంది ముందు జంకని అన్నగారు గుమ్మం ముందే ఆగిపోయాడు.

“తప్పంతా నాదేరా,” అన్నాడు.

“ఆయనది కాదు, నాది,” అంది కామేశ్వరి. కారు పడిన దగ్గర్నుంచి పసుపు తాగిన దాకా నిలబడే చెప్పింది. పెళ్ళింటికి వచ్చిన బంధువుల్లో ఇద్దరు ముగ్గురు విన్నా ఆపలేదు.

త్యాగరాజు అంతా విని తల గోక్కున్నాడు.

“అన్నయ్య ఉత్తరం వచ్చిన రోజే నాకో కార్డు ముక్క రాసి ఉంటే సరిపోయేది కదా వదినా. అవును, నేనే తీశానని ఒప్పేసుకునేవాణ్ణి. మీకోసం ‘దొంగ’ అన్న మాట పడలేనా?”

అంతవరకూ బిగబట్టుకున్న కామేశ్వరి గుమ్మంలోనే కూలబడి భోరున ఏడ్చింది. అన్నదమ్ములిద్దరూ కంగారుపడి చెరో చెయ్యి పట్టుకుని లేపారు. రెండేళ్ళ తరవాత వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అది.