వీపు మీద చెయ్యి

తెల్లవారకముందు సైకిలు తొక్కడంలో ఒక సుఖం ఉంది. తొక్కినవాడికి తప్ప అది తెలియదు. రోడ్డంతా మనదే. షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వీధి దీపాల కింద పురుగులు కూడా అలిసిపోయి ఉంటాయి. టైర్లు తారు మీద సన్నగా చప్పుడు చేస్తాయి, ఎవరో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు. చైను నూనె వాసన, రాత్రి తడిసిన మట్టి వాసన. కొంచెం దూరం పోయాక ఊపిరి దానంతటదే దారిలో పడుతుంది. ఆ తరవాత వయసు గుర్తుండదు.

నేను ఉద్యోగమంతా నీటి సరఫరా ఆఫీసులో చేశాను. ఊరు లేవకముందే వాల్వులు తిప్పించాలి, లేకపోతే మేడ మీద వాళ్ళు కింద వాళ్ళని, కింద వాళ్ళు నన్ను తిడతారు. అందుకని రిటైరయ్యాక కూడా చీకటితోనే మెలకువ వచ్చేసేది. లేచి వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తుంటే మా ఆవిడ ఒకరోజు విసిగిపోయి, "బయటికి పోయి ఏదైనా తొక్కండి, నా ప్రాణం తొక్కకండి" అంది. అలా మొదలైంది నా సైకిలు.

సైకిలుతో నాకు పాత పరిచయమే. కాలేజీలో చదివే రోజుల్లో సైకిలు తలకిందులుగా నిలబెట్టి, పెడలు తిప్పుతూ గుడ్డతో చైను తుడుస్తున్నాను. గుడ్డతో పాటు నా ఎడమ చేతి ఉంగరం వేలు కూడా పళ్ళ చక్రంలోకి పోయింది. నడిమి కణుపు దాకా తెగి గడ్డిలో పడింది. వెతికితే చీమలు పట్టి కనిపించింది. ఇప్పటికీ ఆ వేలు సగమే. పెళ్ళిలో ఉంగరం తొడిగితే జారి పడింది. అది చూసి అప్పట్లో నిక్కరు వేసుకుని తిరిగే మా బావమరిది నాకు 'తొమ్మిదిన్నర బావ' అని పేరు పెట్టాడు. ఆ పేరు పోలేదు.

ఆ బావమరిదికి ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపు ఉంది, పెద్ద పొట్ట ఉంది, పోయినేడు గుండెలో వేయించుకున్న స్టెంటు ఉంది. రోజూ వ్యాయామం చెయ్యకపోతే మళ్ళీ నా దగ్గరికే వస్తావు అని గుండె డాక్టరు చెప్పాడు. మా ఆవిడకి వాడొక్కడే తమ్ముడు. "మీతో పాటు తీసుకెళ్ళండి. ఎలా తీసుకెళ్ళారో అలా తెచ్చి నాకు అప్పజెప్పండి" అంది నాతో. ఆ మాట ఆవిడ నవ్వుతూ అనలేదు.

మాతో తొక్కే మూడోవాడు పళ్ళ డాక్టరు. మా ముగ్గురిలో అతనికే బలం. దవడ పళ్ళు పీకి పీకి ఆ చేతులు అలా తయారయ్యాయని మా బావమరిది అనేవాడు. నన్ను 'సార్' అనేవాడు. ఆ గుంపులో నన్నలా పిలిచేది అతనొక్కడే.

ఊరు దాటి, సిమెంటు గోడౌన్లు దాటాక ఒక గుట్ట ఉంది. రోడ్డు దాని మీదికి ఎక్కి, అవతలికి వంకరగా దిగుతుంది. ఆ ఎక్కుడులో మాకొక అలవాటు ఉండేది. అలిసినవాడి వీపు మీద, నడుముకి కాస్త పైన, వెనక ఉన్నవాడు అరచెయ్యి ఆనించి నెట్టాలి. ఒక చేత్తో తన హ్యాండిలు, ఇంకో చేత్తో పక్కవాడి బరువు. నెట్టించుకునేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే చక్రం వంకర పోయి ఇద్దరూ పడతారు. అందుకని చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు. ముగ్గురిలో ఎవరిదో ఒకరిది. వీపు మీద వెచ్చగా చెయ్యి పడగానే కాళ్ళకి ప్రాణం వచ్చేది. ఆ కాసేపూ మనిషి చిన్నపిల్లాడైపోతాడు.

డాక్టరు ఆ గుట్ట మీదే పోయాడు.

వేసవి మొదట్లో. నేను ముందు, నా వెనక బావమరిది, అందరికన్నా వెనక డాక్టరు. గుట్ట కొసకి వచ్చాం. వెనక నించి డాక్టరు గొంతు వినిపించింది.

"సార్, చెయ్యి తియ్యండి. చాలు."

నేను ముందున్నాను. నవ్వుకున్నాను. మా బావమరిది కూడా నవ్వి, "ఏంటి డాక్టరూ, మత్తు సూది నీకే వేసుకున్నావా?" అన్నాడు.

"సార్... తియ్యండి సార్..."

ఆ మాట పూర్తి కాకుండానే అతను మమ్మల్ని దాటిపోయాడు. పెడళ్ళ మీద కాళ్ళు లేవు. రెండు కాళ్ళూ గాలిలో వెడల్పుగా ఉన్నాయి. బ్రేకులు పట్టి ఉన్నాడు, చక్రాలు తిరగడం లేదు, రోడ్డు మీద రాచుకుంటూ జారుతున్నాయి. రబ్బరు కాలిన వాసన నాకు బాగా గుర్తు. ఎదురుగా కంకర లారీ ఎక్కుతోంది. అతను దాని ముందు చక్రాల కిందికి తిన్నగా పోయాడు. హెల్మెట్టు టెంకాయలా పగిలిన చప్పుడు వచ్చింది. లారీ పక్కకి కోసుకుని పోయి లోయ వైపు ఉన్న ఇనప కమ్మీని చీల్చి ఆగింది. డ్రైవరు దిగి, కింద చూసి, అక్కడే కూర్చుని వాంతి చేసుకున్నాడు. నేను డాక్టరు చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వచ్చింది. మిగతా మనిషి రాలేదు.

బ్రేకులు ఫెయిలయ్యాయని రాసుకున్నారు. అంతకన్నా ఏం రాస్తారు.

వానలు వెళ్ళేదాకా మేము సైకిళ్ళు ముట్టుకోలేదు. ఈలోగా మా బావమరిదికి షుగరు పెరిగింది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. మా ఆవిడే మళ్ళీ సైకిళ్ళకి గాలి కొట్టించింది. గేటు దగ్గర నిలబడి, "వాణ్ణి ముందు పెట్టుకోండి, వెనక మీరు ఉండండి" అని చెప్పింది. సరేనన్నాను. తీరా గోడౌన్లు దాటేసరికి ఎదురుగాలి మొదలైంది. ఎదురుగాలికి బక్కవాడైనా బలమున్నవాడే ముందుండాలి, వెనకవాడు అతని చాటున రావాలి. అందుకని నేను ముందుకి వెళ్ళాను.

గుట్ట మొదలైంది. ఇంకా చీకటే. నా దీపం వెలుగు రోడ్డు మీద చిన్న చాపలా పరుచుకుని ముందు పోతోంది. వెనక మా వాడి ఊపిరి, తెగిన కొలిమి తిత్తిలా.

"బావా, ఈ గుట్టని మునిసిపాలిటీ వాళ్ళు ఇంకా ఎత్తు పెంచారా?"

"నోరు మూసుకుని తొక్కు. మాట్లాడితే గాలి పోతుంది."

"ఉన్న గాలి ఎప్పుడో పోయింది. నా షాపు మీకు రాసిస్తాను, ఇక్కడే వదిలెయ్యండి."

"నీ షాపు నాకెందుకు. నాకు దగ్గరి చూపు బాగానే ఉంది."

ఇంకాస్త ఎక్కాం. తరవాత వాడు తృప్తిగా నిట్టూర్చాడు.

"అబ్బ... ప్రాణం లేచొచ్చింది. అలాగే ఉంచండి బావా చెయ్యి."

నేను పెడలు ఆపాను. చైను టకటకలాడింది.

"నేను నీ ముందున్నాను కదరా."

వాడి ఆయాసం ఒక్కసారి ఆగింది. గాలి కూడా ఆగినట్టుంది. అప్పుడు వచ్చింది వాసన... లవంగ నూనె, దాని వెనక కాలిన రబ్బరు. లవంగ నూనె డాక్టరు గదిలో ఎప్పుడూ ఉండే వాసన.

"బావా," వాడు గుసగుసగా అన్నాడు, "డాక్టరే."

"వెనక్కి తిరక్కు."

"తిరగను. నాకు భయం లేదు బావా. మనవాడే కదా. ఎంత మెత్తగా నెడుతున్నాడో."

ఏం చెప్పమంటారు. నాకూ భయం వెయ్యలేదు. కళ్ళు చెమర్చాయి. చదువుకున్నవాణ్ణి, దెయ్యాలని నమ్మినవాణ్ణి కాను. అయినా ఆ చీకట్లో, ఆ వాసనలో, పాత స్నేహితుడు తిరిగొచ్చి మా వాడికి సాయం పట్టాడని సంతోషించాను. మా అలవాటు మమ్మల్ని అలా తయారు చేసింది. వీపు మీద చెయ్యి పడితే అది మనవాడిదే.

గుట్ట కొస వచ్చింది.

"చాలు డాక్టరూ," మా వాడు నవ్వుతూ అన్నాడు. "ఇక దిగుడే. నేను దిగుతాను."

చెయ్యి తియ్యలేదు.

"డాక్టరూ... చాలు."

మరుక్షణం వాడు నన్ను దాటిపోయాడు. రెండు కాళ్ళూ గాలిలో ఉన్నాయి. నా దీపం వాడి వీపు మీద పడింది. పసుపు చొక్కా. నడుముకి కాస్త పైన బట్ట లోపలికి నొక్కుకుపోయి ఉంది. లోతుగా. అక్కడ ఏమీ లేదు. ఉత్త గాలి... కానీ బట్ట నొక్కుకుపోయి ఉంది.

బ్రేకులు కీచుమన్నాయి. తీగ తెగింది. వాడు హ్యాండిలు మీద నించి ఎగిరి ముఖం మీద పడ్డాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. సైకిలు దొర్లి ఆగిపోయింది.

వాడు ఆగలేదు.

బోర్లా పడినవాడు అలాగే రోడ్డు మీద జారుతున్నాడు. ఏటవాలుకి కాదు. అడ్డంగా. లోయ వైపు. అక్కడ లారీ చీల్చిన కమ్మీ ఇంకా బాగు చెయ్యలేదు. చిరిగిన ఇనుము రోడ్డు వైపుకి కత్తిలా వంగి ఉంది. వాడి మెడ తిన్నగా దాని మీదికి పోతోంది. గోళ్ళతో తారుని పట్టుకుంటున్నాడు. గోళ్ళు తారులోనే ఉండిపోతున్నాయి.

సైకిలు వదిలేసి వాడి మీదికి దూకాను. ఎడమ చేత్తో చీలమండ పట్టుకున్నాను. ఇద్దరం కలిసి జారాం. నా మోకాళ్ళ చర్మం ఊడింది. వాడి మోచేతిలో ఎముక తెల్లగా బయటికి వచ్చింది. వాడు అరవలేకపోయాడు, దవడ వేలాడుతోంది. నోట్లోంచి రక్తంతో పాటు పళ్ళు పడ్డాయి.

"వదులు డాక్టరూ," అన్నాను. "వాడు నీ స్నేహితుడు. వదులు."

నొక్కు ఇంకా లోతైంది. లోపల పక్కటెముక విరిగింది. ఎండు కొమ్మ విరిగినట్టు.

కుడి చేతికి గాలి పంపు దొరికింది. నా సైకిలు నించి ఊడి పడిందేమో. దాంతో వాడి వీపు మీది గాలిని కొట్టాను. తగిలింది. దేనికో తగిలింది. మాంసానికి తగిలినట్టు తగిలింది. మళ్ళీ కొట్టాను. కొట్టిన ప్రతిసారీ నా ఎడమ చెయ్యి, చీలమండ పట్టుకున్న చెయ్యి, నిప్పుల్లో పెట్టినట్టు మండింది. రోడ్డుకి రాసుకుంటోంది అనుకున్నాను. పంపు వంగిపోయేదాకా కొట్టాను. అప్పుడు ఏదో విరిగింది.

వదిలేసింది.

వాడి గొంతుకీ ఇనుముకీ మధ్య జానెడు ఖాళీ. అక్కడ ఆగాం. తూరుపున తెల్లబడుతోంది. లవంగాల వాసన పోయింది. నా ఒళ్ళో వాడి తల పెట్టుకుని, కంకర లారీ ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మా బావమరిది బతికాడు. దవడకి తీగలు కట్టారు, మోచేతికి ప్లేటు వేశారు. నా మోకాళ్ళకి కట్లు కట్టి, ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. రెండు ఎముకలు విరిగాయి. పై నించి దెబ్బలు పడితే విరిగినట్టు ఉన్నాయి, ఎవరు కొట్టారని అడిగాడు అక్కడి కుర్ర డాక్టరు. రోడ్డు కొట్టింది అన్నాను.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రి గదిలో మా ఆవిడా నేనూ ఉన్నాం. నర్సు వచ్చి వాణ్ణి పక్కకి తిప్పి చొక్కా పైకెత్తింది. మందు పుయ్యాలి. నడుముకి కాస్త పైన, నల్లగా, అరచెయ్యి. అచ్చు గుద్దినట్టు స్పష్టంగా. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, చిటికెన వేలు.

వాటి మధ్య ఉంగరం వేలు సగమే ఉంది.

నర్సు మందు పూసి వెళ్ళింది. మా ఆవిడ చొక్కా జాగ్రత్తగా కిందికి దించింది. నా వైపు చూడలేదు.

"నేను వాడి వీపు ముట్టుకోలేదు," అన్నాను. "చీలమండే పట్టుకున్నాను. అంతకుముందు వాడి ముందున్నాను. వాణ్ణే అడుగు."

"వాడు మాట్లాడలేడు కదండీ."

"నేను ముందున్నాను."

"వెనక ఉండమని చెప్పాను," అంది మెల్లగా.

దుప్పటి సర్దింది. మంచినీళ్ళ గ్లాసు మీద మూత పెట్టింది. అప్పుడు మళ్ళీ అంది.

"డాక్టరు గారి భార్య అప్పుడే చెప్పింది నాతో. ఆఖరి స్నానం చేయిస్తుంటే ఆయన వీపు మీద ఇదే అచ్చు కనిపించిందట. ఆవిడ వేళ్ళు లెక్కపెట్టింది."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ తమ్ముడి దుప్పటి మళ్ళీ సర్దింది.

ఇది జరిగి చాలా రోజులైంది. మా వాడు గంజి నించి అన్నానికి వచ్చాడు. నన్ను చూస్తే కళ్ళతో నవ్వుతాడు, వాడికి ఆ వేళ్ళ సంగతి తెలియదు. నా సైకిలు అమ్మేశాను. కట్టు విప్పారు, చెయ్యి బాగానే ఉంది. మెలకువ మాత్రం ఇప్పటికీ చీకటితోనే వస్తుంది. లేచేసరికి ఒక్కోరోజు ఎడమ అరచెయ్యి వెచ్చగా, నొప్పిగా ఉంటుంది... రాత్రంతా ఎవరినో ఎక్కుడు మీదికి నెట్టినట్టు.

మా ఆవిడ మునుపటిలాగే నాకు కాఫీ ఇస్తుంది, మందులు ఇస్తుంది, మాట్లాడుతుంది. మేడ మెట్లు దిగేటప్పుడు మాత్రం నన్నే ముందు దిగమంటుంది. వంటింట్లో పొయ్యి గోడ వైపు ఉండేది. దాన్ని మార్పించింది. ఇప్పుడు గుమ్మానికి ఎదురుగా నిలబడి వండుతుంది.

నాకు వీపు తిప్పడం లేదు.