మారుమనువు సాక్ష్యం

పొద్దున్న ఏడు కాకముందే గంగాలమ్మ ఎండుచేపల బుట్ట మూతేసి పక్కకు జరిపేసింది. ఈ రోజు గాజువాక బజారుకు వెళ్ళడం లేదు. ముప్పై ఏళ్ళు బేరం చేసిన మనిషి. ఏ సరుకు ఎప్పుడు బయటపెట్టాలో, ఏది అడుగున దాచాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ కన్న కొడుక్కి చెప్పకుండా దాచిన సంగతి ఒకటి ఉంది. పదకొండు గంటలకు దాన్ని కోర్టులో విప్పాలి.

కూతురు ధనశ్రీకి ఇప్పుడు ఏడో నెల. తాగి కొట్టే మొగుడు రాముతో ఆరేళ్ళ కిందట కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకుంది. పెద్దలు కాగితం రాసి ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించారు. పెద్దలు తేల్చాక మళ్ళీ కోర్టెందుకని ఎవరూ అటు తొంగి చూడలేదు. పోయిన ఏడాది అప్పలరాజును పెళ్ళి చేసుకుంది. ఇప్పుడు రాము ఆ కాగితం చెల్లదని, ధనశ్రీ ఇంకా తన పెళ్ళామేనని కేసు వేశాడు. అతని మాట నెగ్గితే అప్పలరాజుతో జరిగింది పెళ్ళే కాదు.

"అమ్మా, సాక్ష్యం మానీ," అన్నాడు నాగబాబు, స్టీల్ ప్లాంట్ యూనిఫాం తొడుక్కుంటూ. "కోర్టులో నిలబడి ఏటి సెప్తావు?"

"మనోళ్ళలో పెద్దల ముందు ఇడిపోడం, మారుమనువు సేసుకోడం పూర్వం నుంచీ ఉందని సెప్తాను."

"ఎక్కడుంది? రెండో పెళ్ళి మన ఇంటా వంటా లేదు! క్వార్టర్సులో నాను తలెత్తుకోకండా సేత్తన్నారు మీరిద్దరూ."

"నీ తలకాయ కోసం నా బిడ్డకి తండ్రి లేకండా పోవాలేటి, అన్నా?" ధనశ్రీ కస్సుమంది.

"ఆ ఏలిముద్రల కాగితం సూసి జడ్జి నవ్వుతాడే!"

"మెల్లగా మాటాడండి. పక్కోళ్ళు వింటన్నారు," అంది నాగబాబు పెళ్ళాం అనూరాధ వంటింట్లోంచి.

"ఇననీ! రేపటికెలాగూ ఊరంతా ఇంటాది."

గంగాలమ్మకు లాయరు హిమబిందు మాట గుర్తొచ్చింది. "చట్టం రాసినవాళ్ళు మీ కట్టుబాటును కొట్టెయ్యలేదు, గంగాలమ్మ గారూ. కానీ అది నిజంగా ఉందని, అలా జరిగిన మనువును ఊరు ఒప్పుకుందని మనం చూపించాలి. పాత ఉదాహరణ కావాలి." ఆనాడు తీర్పు చెప్పిన కులపెద్దలంతా పోయారు. మిగిలిన ఉదాహరణ ఒక్కటే.

"ఇంటా వంటా లేదన్నావు కదా, ఉందిరా," అంది గంగాలమ్మ. "నానే."

నాగబాబు చేతిలో బొత్తాం ఆగిపోయింది.

"మీ నాన్న పైడయ్య నాకు రెండో మనువు. మొదట కట్టుకున్నోడు ఒళ్ళు హూనం సేసీవోడు. పుస్తెలు తీసి పెద్దల సేతిలో ఎట్టీసాను. ఏడాది తిరక్కండా మీ నాన్న ఊరంతా సూత్తండగా తాళి కట్టాడు. అప్పుడెవుడూ నవ్వలేదురా. మీరు సదువుకుని ఈ క్వార్టర్సుకొచ్చాకే మనకి సిగ్గొచ్చింది. మిమ్మల్ని సూసి నానూ నేర్సుకున్నాను."

"నాకు సెప్పలేదేటమ్మా?" అన్నాడతను. "ఇది కోర్టులో అంటే నన్నేటనుకుంటారు?"

"లెక్క సూసుకో నాయనా. పెద్దల మాట సెల్లదంటే, నీ సెల్లెలి కడుపులో బిడ్డ కంటే ముందు నువ్వే సెల్లవు."

అతను బయటికి నడిచాడు. బైకు చప్పుడు వీధి మలుపు దాటిపోయింది.

కోర్టులో గంగాలమ్మ ఉన్నదంతా చెప్పింది. రాము తరఫు లాయరు నవ్వుతూ లేచాడు.

"కన్న కొడుక్కి ఈ సంగతి ఎప్పుడు చెప్పారమ్మా?"

"ఈ రోజేనండి."

"నలభై ఏళ్ళు కొడుక్కే తెలియని పెళ్ళిని ఊరు ఒప్పుకుందంటే మమ్మల్ని నమ్మమంటారా?"

బజారులో ఎవరికీ తగ్గని గంగాలమ్మ బోను చెక్క గట్టిగా పట్టుకుంది.

"నాకు తెలీదు గానీ, ఊరికి తెలుసండీ!"

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర నాగబాబు, అదే యూనిఫాంలో.

"ఇప్పుడే మా జాలరిపేటకెళ్ళి ముసలోళ్ళని అడిగొచ్చాను. అందరికీ తెలుసంట. తెలిసీ ఇన్నేళ్ళలో ఒక్కడూ నన్ను మాటన్లేదండి. పైడయ్య కొడుకనే పిలిచారు. మా నాన్న పోయాక ఆయన పడవ నాకే అప్పజెప్పారు."

"మధ్యలో మాట్లాడకూడదు," అన్నాడు జడ్జి. "చెప్పాలంటే బోనెక్కి చెప్పండి."

"ఎక్కుతానండి."

హిమబిందు వెంటనే లేచి, అతన్ని సాక్షిగా పిలవడానికి అనుమతి తీసుకుంది. నాగబాబు ముందుకొచ్చి, మెట్టు దిగబోతున్న తల్లికి చెయ్యి అందించాడు. ఆ చేతిని ఒక్క క్షణం అలాగే పట్టుకున్నాడు. తర్వాత తను ఎక్కాడు.

"పేరు?"

"నాగబాబు."

"తండ్రి పేరు?"

"పైడయ్య," అని, ఎవరూ అడక్కుండానే గొంతు పెంచాడు. "ఆయన మారుమనువు సేసుకున్న గంగాలమ్మ కొడుకునండి."

గంగాలమ్మ కొంగులో ముఖం దాచుకుంది. కోర్టని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.