ఏడో వీణ

తను చేసిన పదో వీణకు కూడా గురువు నోట "బాగుందమ్మా" అనే వినిపించేసరికి పైడమ్మకు ఒళ్లు మండింది.

వీణల కార్ఖానాలో అందరి చెవుల్లోనూ సమశ్రవణి అనే చిన్న యంత్రం ఉంటుంది. ఒకరి పనిని మరొకరు ఎంచే మాట ఏదైనా అందులో మెత్తబడి, అదే గొంతుతో, మనసు నొప్పించని రూపంలో చెవిన పడుతుంది. అది వచ్చాక పనిచోట్ల ఏడుపులు తగ్గాయి, అబద్ధమెందుకు. పైడమ్మ తల్లి ఇక్కడే తిట్లు పడలేక ఉలి వదిలేసిన మనిషి. అందుకే పైడమ్మ ఇన్నేళ్లూ దాన్ని తీయలేదు.

కానీ గురువు సూరాచారికి ఎనభై దాటాయి. వినికిడి తగ్గుతోంది, వచ్చే వేసవిదాకా నిలిస్తే గొప్ప. తాను వీణలు చేస్తోందో, పనస దుంగలు పాడుచేస్తోందో చెప్పగలవాడు ఆయనొక్కడే. ఇవాళ తేలిపోవాల్సిందే.

ఆమె సమశ్రవణి తీసి బల్ల మీద పెట్టింది. తీసినందుకు నియమం ప్రకారం వారం రోజుల కూలి పోతుంది. పోనీ.

"గురువుగారూ, ఇప్పుడు సెప్పండి. ఈ పదో వీణ ఎలాగుంది?"

సూరాచారి తీగ మీటి, వీణ గుండ్రటి కుండను తడిమాడు. "మొద్దు. కుండ అడుగున సెక్క ఎక్కువ వదిలేసినావు. తొమ్మిదోదీ అంతే."

పైడమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఒక్కటైనా బాగా రాలేదా?"

"ఏడోది ఉంది కదేటి! ఆనాడే సెప్పేను, ఇలాటిది నేనూ సెయ్యలేదు, మా నాన్నా సెయ్యలేదని."

ఆ రోజు ఆమెకు వినిపించింది "బాగుందమ్మా" ఒక్కటే. ఒకరిని పైకెత్తే మాట మరొకరిని తక్కువ చేస్తుంది కాబట్టి సమశ్రవణి దాన్నీ చదును చేసేసింది. తిట్టును ఆపడానికి చేసిన యంత్రం మెప్పును కూడా మింగేస్తుందని దాన్ని చేసినవాళ్లెవరూ అనుకోలేదు.

"తీసుకురా. నా సెవి ఉండగానే ఇంకోసారి ఇంటాను," అన్నాడు ముసలాయన.

"దాన్ని నిలువునా కోసేసినాను గురువుగారూ. అన్నీ బాగున్నాయంటే నమ్మకం కుదరక, లోపల తప్పెక్కడుందో సూద్దామని." ఆమెకు ఏడుపు ఆగలేదు.

 "కోసిన సెక్కలున్నాయా?" అన్నాడు సూరాచారి.

అటక మీంచి తెచ్చింది. ఆయన ఆమె బొటనవేలు పట్టుకుని కోత అంచు వెంట నడిపించాడు. అడుగున పలచన, పైకి వచ్చేకొద్దీ మందం. పైడమ్మ కళ్లు తుడుచుకుని, పదో వీణను ఒళ్లోకి తీసుకుని, కుండ మీద వేలితో కొట్టి వింది.

"ఇది మొద్దే," అంది. తన పని గురించి ఆమె సొంతంగా అన్న మొదటి మాట అది.

లేచి ఎండిన దుంగ ఒకటి దొర్లించుకొచ్చింది.

"వేసవికి ఇంకా నాలుగు నెలలున్నాయి. తప్పు సేస్తే తిట్టండి."

"తిడతాను," అన్నాడు సూరాచారి, ఉలి ఆమె చేతికిస్తూ.