ఫ్రిజ్ మోసిన మంచివాడు

"మీ సినిమాలో నేను భరించలేనివాడు ఒక్కడే ఉన్నాడు," అంది ఎడిటర్.

డైరెక్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. కాసేపటి క్రితమే ఈ గదిలో కూర్చుని నిర్మాత ముగ్గురి పేర్లు చెప్పి వెళ్లాడు. ముగ్గురితో పోలిస్తే ఒక్కడు నయం.

నిర్మాత అతనికి స్వయానా బాబాయి. వెళ్లే ముందు ఇలా అన్నాడు.

"ఒరేయ్, స్నేహం మీద సినిమా అన్నావు. ఈ ముగ్గురిలో ఒక్కడితోనైనా నేను కూర్చుని టీ తాగుతానా? ఒకడు నోరు తెరిస్తే ఎదుటివాడి పరువు తీస్తాడు. ఒకడు నోరు తెరిస్తే గొప్పలు. మూడోవాడు పనంతా అయ్యాక దిగుతాడు. వీళ్లని కాస్త కడిగి పెట్టు. మంచివాళ్ల కోసం ఏడుస్తారు గానీ, ఇలాంటి వెధవల కోసం జనం ఎందుకు ఏడుస్తారు?"

"సరే బాబాయ్," అన్నాడు డైరెక్టర్. అతను బాబాయి మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఎవరి మాటకీ చెప్పలేదు.

సినిమా కథ చిన్నది. నలుగురు స్నేహితులు. అందులో నోటి దురుసు ఉన్నవాణ్ణి భార్య వదిలేసి వెళ్లింది. వాడు ఇల్లు మారాలి. సామాను మోయడానికి మిగతావాళ్లు వస్తారు. పొద్దున మొదలై సాయంత్రానికి పని అయిపోతుంది. సామానుతో పాటు పాత గొడవలన్నీ మెట్లు దిగుతాయి.

"ఎవరా ఒక్కడు?" ఎడిటర్‌ని అడిగాడు డైరెక్టర్.

"ఫ్రిజ్ మోసినవాడు."

"వాడు హీరో అండీ!"

"అదే నా బాధ. మూడో అంతస్తు నుంచి ఒక్కడే దించుతాడు. చెమట పట్టదు. తిడితే నవ్వుతాడు. వేలు నలిగితే 'పర్లేదురా' అంటాడు. మిగతా ముగ్గురితో నెలల తరబడి ఈ గదిలో కాపురం చేశాను. తిట్టుకుంటూనే చేశాను. వీడితో ఒక్క పూట ఉండలేను."

"మంచివాడు కావడం కూడా తప్పేనా?"

"మంచివాడని ఎవరన్నారు? తనకేం కావాలో ఒక్కసారైనా చెప్పాడా? ఏమీ అడగనివాడితో స్నేహం ఎలా చేస్తారు? ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవచ్చు, అంతే."

డైరెక్టర్ నవ్వలేదు. ఆ నాలుగోవాణ్ణి అతను తనని చూసుకుని రాశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"అది మీరేనని నాకు తెలుసు," అంది ఆమె, కుర్చీ అతనివైపు తిప్పి. "నిజంగా మీరే అయితే బాగుండేది. వినండి."

తెర మీద బొమ్మ ఆపేసి సౌండ్ మాత్రం పెట్టింది. షూటింగ్‌లో 'యాక్షన్' అనే ముందు, 'కట్' అన్న తర్వాత మైక్ కాసేపు నడుస్తూనే ఉంటుంది. ఆ ముక్కలు ప్రేక్షకుల దాకా రావు. ఎడిటర్ మాత్రం వింటుంది. గదిలో డైరెక్టర్ గొంతే మోగింది.

"నా కుర్చీ ఎవరు తీశారు? కూర్చోండి, అందరూ కూర్చోండి. నేను నిలబడతా. నేనేగా ఇక్కడ పనిలేనివాణ్ణి!"

"ఇంకొక్క టేక్. ప్లీజ్. ఇదే ఆఖరిది. ఒట్టు."

"ఇంకొక్కటి. ఇదే ఆఖరిది."

"కెమెరామన్ జోకుకి అంత నవ్వాలా? అందులో ఏముందని? నేను పొద్దున చెప్పిందే బాగుంది."

తర్వాత ఒక కూనిరాగం. శ్రుతి లేదు.

డైరెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇవన్నీ తీసేయలేదా?"

"ఎందుకు తీస్తాను? విసుగొచ్చినప్పుడు పెట్టుకుని వింటాను. అలుగుతాడు, బతిమాలతాడు, కుళ్లుకుంటాడు. వీడంటే నాకు ఇష్టం."

అనేసి కీబోర్డ్ వైపు తిరిగింది. నొక్కాల్సిన కీ ఏదీ లేదు. అయినా ఏదో నొక్కింది. తెర మీద ఫ్రిజ్ వెనక్కి నడిచి మెట్లెక్కింది.

ఆ గదికి కిటికీ లేదు. బయట వరండాలో ఎవరో గొడుగు దులిపిన చప్పుడు విని, వాన పడుతోందని ఇద్దరికీ తెలిసింది.

"నాకు వేరే ఊళ్లో ఇంకో సినిమా వచ్చింది," అంది ఆమె. "రేపటికల్లా చెప్పాలి. వెళ్తే మీ మిగతా పని నా అసిస్టెంట్ చూస్తాడు."

అతని మొహం వైపు చూసింది. తొందరపడకుండా చూసింది.

"మంచి అవకాశం. వెళ్లండి. పర్లేదు," అన్నాడు.

"పర్లేదా?"

"పర్లేదు."

"అయితే మీ బాబాయిగారు అడిగినట్టే కట్ చేసి రేపు చూపిస్తాను. అదీ పర్లేదు కదా?"

"పర్లేదు," అన్నాడు. అన్నాక అతనికి అనుమానం వచ్చింది. ఈ డైలాగ్ తనే రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి, పిన్నిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎడిటర్ అడిగింది అడిగినట్టు చేసి పెట్టింది. దెప్పిపొడుపులు పోయాయి. గొప్పలు పోయాయి. ఆలస్యంగా వచ్చేవాడు అందరితో పాటే వచ్చాడు.

సినిమా అయిపోయింది. లైటు వేశారు.

"ఎలా ఉందే?" అడిగాడు బాబాయి.

"ఏసీ బాగుంది," అంది పిన్ని.

"సినిమా సంగతి అడిగాను."

"అందరూ బంగారాలే. మరి ఆ పిల్ల మొగుణ్ణి ఎందుకు వదిలేసింది?"

బాబాయి డైరెక్టర్ వైపు తిరిగాడు. పిన్ని ఆగలేదు.

"ఇంతకీ ఆ గొప్పలు చెప్పేవాడేడి? రాత్రి ఈయన వాణ్ణి తిట్టుకుంటూ నిద్రే పోలేదు. వాడి సంగతేమిటో చూద్దామనే వచ్చాను నేను."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "వీడే తీసేశాడు."

"మీరు చెప్పబట్టేగా?"

"చెబితే? సరేనన్నాడు కదా!"

డైరెక్టర్ లేచి నిలబడ్డాడు. గదిలో మూల ఎడిటర్ తన హెడ్‌ఫోన్స్ బ్యాగులో పెట్టుకుంటోంది.

"నిన్న అబద్ధం చెప్పాను బాబాయ్. ఈ కట్ నాకు నచ్చలేదు. ఆ ముగ్గురూ ఎలా ఉన్నారో అలాగే ఉంటారు. వాళ్లవల్ల సినిమా చెడలేదు. నాలుగోవాణ్ణి నేనే పాడుచేశాను. వాడి సీను ఒకటి మళ్లీ తీయాలి. ఇంకో రోజు షూటింగ్ కావాలి నాకు."

"కావాలా?" బాబాయి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నీ నోట ఈ మాట ఎప్పుడూ వినలేదురా."

"ఇంకోటి కూడా ఉంది." డైరెక్టర్ ఎడిటర్ వైపు తిరిగాడు. "మీకు చెప్పిందీ అబద్ధమే. మీరు వెళ్లడం నాకు ఇష్టం లేదు. మీరు వెళ్తే ఆ సినిమా ఆడకూడదని కోరుకుంటాను. ఆ డైరెక్టర్ జోకులకి మీరు నవ్వుతారేమోనని రాత్రంతా కుళ్లుకున్నాను. ఇది నా సినిమా కోసం కాదు. నాకు మీరు కావాలి."

పిన్ని కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఇది బాగుంది," అంది మొగుడి చెవిలో, అందరికీ వినబడేలా.

"ఆ డైరెక్టర్‌కి మనవలున్నారు," అంది ఎడిటర్.

"ఉంటే? జోకులు వెయ్యడా?"

ఆమె నవ్వు ఆపుకుని బ్యాగు జిప్పు లాగింది. "నేను వెళ్తాను. ఆ పని నాకు కావాలి. కానీ మీ పని పూర్తయ్యాకే వస్తానని వాళ్లకి పొద్దున్నే చెప్పాను. ఆగుతామన్నారు."

"మరి నిన్న..."

"నిన్న మీరు ఉండమని అడుగుతారేమోనని చూశాను. నేను అక్కడికెళ్లాక నాకు ఫోన్ చేయండి. అలగండి, పోట్లాడండి. 'పర్లేదు' అన్నారంటే మాత్రం పెట్టేస్తాను."

బాబాయి షూటింగ్‌కి ఒప్పుకున్నాడు. పిన్ని ఒప్పించింది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

కొత్త సీను మెట్ల మీద తీశారు. నాలుగోవాడు ఫ్రిజ్ సగం దించి, మధ్యలో ఆగి, స్నేహితుడి మొహం మీదే అనేస్తాడు. "నిన్ను వదిలేసి ఆవిడ మంచి పని చేసిందిరా." అందరి పరువూ తీసేవాడికి మొదటిసారి తన పరువు పోతుంది. చేతిలో సామాను మెట్టు మీద పెడతాడు. తర్వాత వచ్చి ఫ్రిజ్ రెండో వైపు పట్టుకుంటాడు.

సినిమా విడుదలైన రోజు ఎడిటర్ రైలు దిగి నేరుగా థియేటర్‌కి వచ్చింది. ఆ సీను రాగానే వెనక వరసలోంచి ఎవరో, "ఛీ, వీడూ అంతేనా!" అన్నారు.

ఆమె డైరెక్టర్ చెయ్యి గిల్లింది. "తిట్టారు!"

"విన్నాను," అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఫ్రిజ్‌ని ఇద్దరూ పట్టుకున్నప్పుడు అదే వరసలోంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

ఆట వదిలాక బాబాయి వీధి చివర ఉన్న కారు దగ్గరికి ముందే వెళ్లాడు. వాన పడుతోంది. ఉన్నది పిన్ని గొడుగు ఒక్కటే. ఆవిడ ఎడిటర్‌ని అందులోకి లాక్కుంది.

"చూడమ్మా, ముందే చెబుతున్నాను. వీడు బయటికి కనపడేంత బుద్ధిమంతుడు కాదు. చిన్నప్పుడు ఆటలో ఓడిపోతే బంతి పట్టుకుని ఇంటికొచ్చేసేవాడు. అన్నీ తెలిసే వీణ్ణి చేసుకుంటావా?"

"ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పండి పిన్నిగారూ."

పిన్నికి అంతకంటే ఏం కావాలి? చెప్పుకుంటూ నడిచింది. అతను తడుస్తూ వాళ్ల వెనకే నడిచాడు. మామూలుగా అయితే వీధి చివరిదాకా అలాగే నడిచేవాడు.

"నేనిక్కడ తడుస్తున్నాను!" అని అరిచాడు.

ఎడిటర్ ఆగింది. గొడుగు అతనివైపు వంచింది.

"రా," అంది.