చక్రం ఖరీదు మూడు వేలు

"ఎనిమిది వేల నాలుగు వందలు," అంది కొరియర్ ఆఫీసు కౌంటర్ వెనకున్న అమ్మాయి, తలెత్తకుండానే.

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. అంటే నాతోనే అంటోంది.

"దేనికండీ?"

"మీ పార్సిల్‌కి. కస్టమ్స్ డ్యూటీ ఏడు వేల అయిదు వందలు, మా క్లియరెన్స్ చార్జీ తొమ్మిది వందలు."

"అందులో ఉన్నది అరచేతిలో పట్టే పాత ఇనప చక్రం. విదేశాల నుంచి పోస్టేజీతో కలిపి మూడు వేలకి తెప్పించాను. మూడు వేల వస్తువుకి ఎనిమిది వేల చార్జీలా? నేను లెక్కల మాస్టార్నండీ. నాకు లెక్కలు చెప్పకండి."

అప్పుడు తలెత్తింది. కళ్లలో కోపం లేదు, నవ్వుంది. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది.

"చెప్పను మాస్టారూ, చూపిస్తాను. ఇదిగో, డబ్బా మీద విలువ ఇరవై అయిదు వేలని రాసుంది. అందులో ముప్పై శాతం డ్యూటీ. మీరే హెచ్చవేసుకోండి."

మనసులోనే హెచ్చవేశాను. నా ఖర్మ కొద్దీ సరిపోయింది.

"ఇరవై అయిదు వేలని ఎవరు రాశారు?"

"పంపినాయన."

"ఆయనకేమైనా పిచ్చా?"

"అది ఆయన్నే అడగండి. ఏడు రోజుల్లో తీసుకోకపోతే పార్సిల్ వెనక్కి వెళ్లిపోతుంది."

అక్కడితో ఊరుకుని ఉంటే నేను మర్యాదస్తుడినే. ఊరుకోలేదు. "ఇలా గుంజినదాంట్లో మీ వాటా ఎంతండీ?" అన్నాను.

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు టక్కున ఆరిపోయింది.

"నెక్స్ట్," అంది. అప్పటికీ నా వెనక ఎవరూ లేరు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ముందు గదిలో ఎంబ్రాయిడరీ మిషను తుడుస్తోంది. అది నాకంటే పెద్దది. నాన్న పోయాక నన్ను చదివించింది అదే. నెల క్రితం లోపలి పళ్ల చక్రం విరిగింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. వెతగ్గా వెతగ్గా విదేశంలో పాత మిషన్ల కొట్టు నడిపే ఒక తాత దగ్గర దొరికింది. ఈలోగా ఓ పాటల బృందం వాళ్లు నలభై జతల బట్టల మీద పూలు కుట్టమని అమ్మకి అడ్వాన్స్ ఇచ్చారు. ఆదివారం లోపు మిషను తిరక్కపోతే అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేస్తానంది అమ్మ. మిషనుని పాత సామాన్లాయనకి తూకానికి అమ్మేస్తుందట. ఆ మాట అన్న రోజు ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు.

ఇంట్లో అయిదు వేలకి మించి లేవు. తాతని దులిపేద్దామని కంప్యూటర్ తెరిచి, ముందు నేనేం రాశానో చూసుకున్నాను. 'ఇది మా అమ్మ ప్రాణం. దారిలో పోకూడదు. పెద్ద మొత్తానికి ఇన్సూర్ చేసి పంపండి' అని నేనే రాశాను. పాపం, ఆ పెద్దాయన చెప్పినట్టే పెద్ద మొత్తం వేసి, అదే అంకె విలువ దగ్గర కూడా నింపేశాడు.

పిచ్చి ఎవరికో తేలిపోయింది. రాత్రంతా నా గుండెల్లో గుచ్చుకున్నది మాత్రం ఆ 'వాటా' అన్న మాట.

మర్నాడు స్కూలు వదలగానే కౌంటర్ ముందు నిలబడ్డాను.

"నిన్న తప్పుగా మాట్లాడానండీ. క్షమించండి."

"ఎవరికి పిచ్చో తెలిసిందా?"

"తెలిసింది. నాకే."

జరిగింది చెప్పాను. వింటూ వింటూ ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వినా బాగానే ఉంటుందని, ఆపుకుంటే ఇంకా బాగుంటుందని అప్పుడే తెలిసింది.

"డ్యూటీ మళ్లీ లెక్క కట్టమని కస్టమ్స్‌కి అర్జీ పెట్టొచ్చు. అసలు బిల్లు, బ్యాంకు కాగితం, పొరపాటు జరిగిందని పంపినాయన ఉత్తరం, మూడూ కావాలి."

నాలుగు రోజులు తిరిగాను. ఒకరోజు బిల్లు మీద సంతకం లేదని తిప్పి పంపింది. ఇంకోరోజు ఉత్తరంలో పార్సిల్ నంబరు లేదంది.

"మా పిల్లల పేపర్లు నేను కూడా ఇంత కఠినంగా దిద్దను."

"అందుకే మీ పిల్లలు అలా తయారయ్యారు."

"వాళ్లని మీరు చూడలేదు!"

"మిమ్మల్ని చూస్తున్నానుగా."

అయిదో రోజు కుండపోత వాన. కాగితాలు చొక్కా లోపల దాచుకుని పరిగెత్తాను. ఆమె ఒక్కొక్కటే తీసి చూసింది. జడలో గుచ్చిన పెన్ను తీసి టిక్కు పెట్టింది.

"కాగితాలు ఒక్కటీ తడవలేదు. మాస్టారు మాత్రం నిలువునా తడిశారు," అంటూ పార్సిళ్లు తుడిచే పొడిగుడ్డ చేతికిచ్చింది. ఆ గుడ్డకి జిగురు వాసన. తల తుడుచుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపే పట్టింది నాకు.

ఏడో రోజు సాయంత్రానికీ జవాబు రాలేదు. కౌంటర్‌లో ఆమె లేదు. పక్క సీటు పెద్దాయన ఉన్నాడు.

"పార్సిల్ వెనక్కి పంపేస్తారాండీ?" అన్నాను.

"ఎక్కడికి పోతుందయ్యా? ఆ పిల్ల మొదటి రోజే హోల్డ్ ఫారం మీద సంతకం పెట్టింది. ఇంకో వారం ఇక్కడే ఉంటుంది. నీ అర్జీ కొట్టేస్తే గోడౌన్ అద్దె మాత్రం దాని జీతంలోంచే."

ఫారం తిప్పి చూపించాడు. తేదీ పక్కన టైమూ ఉంది. వాటా ఎంతని అడిగి నేను బయటికి నడిచిన పది నిమిషాలకి చేసిన సంతకం అది. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

ఆదివారం పొద్దున్నే పాత సామాన్లాయన తూకం మిషనుతో సహా వచ్చేశాడు. అమ్మ కుట్టుమిషను మీద ఒకసారి చెయ్యి వేసి పక్కకి జరిగింది.

అప్పుడే గేటు దగ్గర స్కూటర్ ఆగింది. రెయిన్‌కోటులోంచి ఆమె తల మాత్రం కనిపిస్తోంది.

"పద్దెనిమిది వందలు!" అని అక్కణ్నుంచే అరిచింది. "నిన్న సాయంత్రం ఆర్డరొచ్చింది. మూడు వేల మీదే డ్యూటీ, తొమ్మిది వందలు. మా చార్జీ ఇంకో తొమ్మిది వందలు. ఇవాళ మా వ్యాను రాదు, అందుకని నేనే..."

అమ్మ ఆ మాట పూర్తి కానివ్వలేదు. డబ్బా లాక్కుని, పళ్లతోనే టేపు తెంపింది. పావుగంటలో చక్రం ఎక్కించి తొక్కింది. నెల రోజుల తర్వాత ఇంట్లో ఆ టకటకలు వినిపించాయి. అమ్మ మా ఇద్దరి వైపూ చూడకుండా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సామాన్లాయన ఉత్త చేతులతో ఎందుకని రెండు తుప్పు డబ్బాలు పట్టుకెళ్లాడు.

వరండాలో డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

"అన్ని మాటలన్నాక కూడా ఎందుకు సంతకం పెట్టారు?"

"ఊరికే కొనుక్కున్నవాళ్లు విసుక్కుని వదిలేసి పోతారు. అంత కోపం వచ్చిందంటే ఆ వస్తువు మీకెంత అవసరమో అనిపించింది." రసీదు చింపి చేతికిచ్చింది. "తర్వాత బాగా ఏడ్చాననుకోండి."

"మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాను. ఇంకేమీ తోచలేదు. "ఈసారి చార్జీలన్నీ ముందే చెప్పెయ్యండి. తర్వాత కంగారు పడలేను."

ఆమె వాన వైపు చూస్తూ వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

"మా నాన్నకి సరిగ్గా వినపడదు, ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. చెల్లి చదువు ఇంకా రెండేళ్లుంది, నా జీతంలో సగం దానికే. పెళ్లయినా అది ఆగదు. పొద్దున్నే నన్ను పలకరిస్తే కరుస్తాను. ఇవన్నీ నాతోపాటే వస్తాయి. ఏడు రోజులు ఆలోచించుకుని..."

"హోల్డ్ పెట్టకండి. ఇప్పుడే సంతకం పెడతాను."

అప్పుడు గమనించాను, లోపల మిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"అమ్మా, కుట్టుకోవే!"

"దారం తెగిందిరా," అంది అమ్మ. తెగలేదని ముగ్గురికీ తెలుసు. "ఆ అమ్మాయిని వానలో నిలబెట్టకుండా లోపలికి తీసుకురా. వాళ్ల నాన్నగారితో ఎప్పుడు మాట్లాడాలో కనుక్కుంటాను. రెండుసార్లు చెప్తాన్లే."