బండ మీద పాశం

కొండపాక అవతల ఆ పల్లెలో వానలు ముఖం చాటేసినప్పుడల్లా ఒక పని చేస్తారు. గుట్ట కింది బండను కడిగి, దాని మీద బెల్లం పాయసం పోసి, చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి నాకుతారు. వరద పాశం అంటారు దాన్ని. పశువుల్లా నోరు పెట్టి తినే మనుషులను చూస్తే వానదేవుడికి జాలి పుడుతుందని నమ్మకం. దేవుడి జాలి సంగతి ఎట్లా ఉన్నా, పిల్లలకు మాత్రం అది పండుగే.

ఆ సాయంత్రం కొండవ్వ కూడా వెళ్లింది. ఆమెకున్నది ఎకరం మక్కజొన్న చేను. సరిగ్గా కంకులు పాలు పోసుకునే వేళకు ఆమె బోరు వట్టిపోయింది. ఒక్క తడి అందితే పంట గట్టెక్కుతుంది. అందకపోతే ఆ ఎకరం అమ్ముకుని, కూతురు త్రివేణిని వెంటబెట్టుకుని పట్నం బాట పట్టడమే. పక్కచేను లింగమూర్తి బోరు ఇంకా పోస్తూనే ఉంది. చనిపోయిన ఆమె మొగుణ్ణి నోరారా "అన్నా" అని పిలిచినవాడు. ఆ వరస చూసుకునే ఆమె నీళ్లడిగింది.

"బండ మీద చెప్తున్న వదినె," అన్నాడు లింగమూర్తి, మూతికంటిన పాశమైనా తుడుచుకోకుండా. "చీకటి పడంగనే వాల్వు నీ దిక్కు తిప్పుత."

కొండవ్వ గుండె మీది బరువు దిగింది. ఆ సంతోషంలోనే ఒక పొరపాటు చేసింది. ఆమె మొగుడు బుచ్చిరాములు ఎప్పుడూ మోకాళ్లేసే చోటు ఖాళీగా ఉంది. పోయిన కరువులో, నీళ్లు పడని బోరు పక్కన వడదెబ్బకు కూలిపోయాడు పాపం, గొంతులో చుక్క పోసే దిక్కు లేక. ఆ చోట ఆమె గరిటెడు పాశం పోసింది.

"గట్ల పొయ్యకు కొండవ్వా," అన్నది పక్కనున్న ముసలమ్మ మెల్లగా. "బండ మీదిది బతికినోళ్లకే."

కొండవ్వ నవ్వి ఊరుకుని, తానూ వంగింది. చుట్టూ నాలుకల చప్పుడు. తన పక్కన, ఆ ఖాళీ చోట, ఇంకో నాలుక... నిదానంగా, గరుకుగా. తలెత్తి చూసేసరికి అక్కడి బండ తుడిచినట్టు ఉంది. కుక్కేదో వచ్చి ఉంటుందనుకుంది.

చీకటి పడగానే చేనికి వెళ్లింది. గాలి లేదు. మక్క ఆకు కదలడం లేదు. ఎక్కడ చూసినా దుమ్ము వాసన, దూరంగా మోటారు రొద. పైపు మూతి కింద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. గట్టు అవతల, లింగమూర్తి టమాట తోటలో మాత్రం కాలువల నిండా నీళ్లు పారుతున్నాయి. అతను ఫోను లైటు పట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు.

"బండ మీద చెప్తివి గదా, లింగమూర్తి."

"ఏం జెయ్యాలె వదినె... నాకే సాల్తలేవు." అతను ఆమె మొహం చూడలేదు. "ఎండినంక ఎట్లయినా అమ్ముతవు. గప్పుడు నాకే ఇయ్యి."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అట్లా అయింది ఆమె గతి. కోపం కంటే ముందు సిగ్గేసింది. ఈ మనిషి మాట నమ్మి దారంతా పాట పాడుకుంటూ వచ్చింది.

అప్పుడు వినిపించింది తోటలో. నాకుతున్న చప్పుడు.

"కుక్క..." అన్నాడు లింగమూర్తి గొంతు తగ్గించి. లైటు అటు తిప్పాడు.

ఎవరూ లేరు. మోటారు పోస్తూనే ఉంది. కాలువ ఎండుతూనే ఉంది... తడి మట్టి మీద జానెడు వెడల్పు చార ఒకటి, నున్నగా, వాళ్ల వైపే సాగి వస్తోంది. బెల్లం వాసన గుప్పుమంది.

లింగమూర్తి ఫోను పారేసి పరుగెత్తాడు.

కొండవ్వ కదల్లేదు. అంత భయంలోనూ ఆమెకు గర్వంగా అనిపించింది. బతికినవాడు మాట తప్పినా, తన మనిషి తన దిక్కు నిలబడ్డాడు.

"వచ్చినవా, త్రివేణి బాపూ..."

చార ఆమె కాళ్ల పక్క నుంచి గట్టు దాటింది. ఆమె చేనులోకి.

మక్క ఆకులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. ఆమె కింద పడ్డ ఫోను అందుకుని వెనకాలే పోయింది. ఒక కంకి ఒలిచింది. పొద్దున గోటితో నొక్కితే పాలు చిమ్మిన గింజలు... ఇప్పుడు ఉత్త తోలు. ఇంకోటి ఒలిచింది. ఇంకోటి...

"నాది సుత నా?" ఎండిన కంకిని చీకట్లోకి చాపింది. "నేనెవరో యాదికి లేదా నీకు?"

ఏడుపు తన్నుకొచ్చింది. లింగమూర్తి మోసం చేసినప్పుడు కూడా రాని ఏడుపు. కన్నీరు చెంప మీదికి జారింది. గడ్డం దాకా చేరలేదు. దారిలోనే ఏదో... గరుకుగా, వేడిగా... కింది నుంచి పైకి పోయింది.

బెల్లం వాసన ఊపిరి రెండో చెంప దగ్గరకు వచ్చి ఆగింది.

ఆ కంట్లోనూ నీళ్లు నిండుతున్నాయి. ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.