తడి గుడ్డ మీద తీర్పు

ఆ వాన అలాంటిలాంటి వాన కాదు. కప్పలు గొడుగులేసుకున్నాయి, చేపలు వీధిలో అడ్రసులు అడుక్కుంటూ తిరిగాయి. నమ్మకపోతే మానెయ్యండి. ఆ వానలోనే దర్జీ అబ్బాయి అద్దకం దుకాణంలోకి ఊడిపడ్డాడు.

ప్లాస్టిక్ సంచిలోంచి కోటు పొడిగా తీశాడు. చంకలో ఉన్న గుడ్డని, నీళ్లు కారుతుండగానే, దాని పక్కన పరిచాడు.

"ఇదేనా నేనడిగిన నీలం? అన్నదమ్ముల్లా ఉండాల్సినవి, దూరపు చుట్టాల్లా కూడా లేవు!"

అద్దకం అమ్మాయి అతన్నే చూస్తూ ఉండిపోయింది. తలకి పసుపు రుమాలు. దాని అంచున అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు.

"తప్పంటారా?"

"ముమ్మాటికీ తప్పే!"

"ఇంకోసారి అనండి."

పిల్లకి పిచ్చేమో అనుకున్నాడు పాపం. పిచ్చి కాదు, ఆకలి. రొమ్ము క్యాన్సరొచ్చి, డాక్టర్లు ఒక రొమ్ము తీసేసి ఇంటికి పంపినప్పట్నుంచి ఆమెని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఉప్పు కషాయంలాంటి కూర వండినా అన్నయ్య లొట్టలేసుకుని తిన్నాడు. పెళ్లి మాటొస్తే చుట్టాలు వాతావరణం గురించి మాట్లాడారు. అమ్మయితే నవ్వడమే మర్చిపోయింది.

"మళ్లీ అద్దుతాను. రేపు రండి," అంది.

రేపొచ్చాడు. "హమ్మయ్య, ఇప్పుడు కుదిరింది!" అన్నాడు. మర్నాడు ఇంకో గుడ్డ, ఇంకో గొడవ. రంగుల ఆవిర్లలో, ఆరేసిన గుడ్డల మధ్య అతని మొహం ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి గులాబీగా తేలుతుండేది. అతను వెళ్లాక కూడా ఆమెకి అలాగే కనిపించేది.

అంతలో వదిన అతన్ని గుమ్మం దగ్గర ఆపింది. జబ్బు సంగతంతా, ఉప్పు కూర సంగతితో సహా చెప్పి, "దాన్నేమీ అనకు నాయనా," అంది.

మర్నాడు అబ్బాయి పిల్లిలా వచ్చాడు. ఆమె ఇచ్చిన గుడ్డ చూశాడు. "చాలా బాగుందండీ."

"మీరడిగింది బూడిద రంగు. పొరపాటున ఎర్ర తొట్టిలో ముంచేశాను."

"అయినా... బాగుందండీ."

ఆమె మొహం వాడిపోయింది. "మీకూ చెప్పేశారన్నమాట. నాతో పోట్లాడే మనిషి ఒక్కరుండేవారు. ఆయనా మారిపోయారు."

తెర దించి లోపలికెళ్లిపోయింది.

మళ్లీ వాన కురిసే దాకా అతను ఆ గడప తొక్కలేదు. తొక్కిన రోజున అరుపు వీధి చివరికి వినిపించింది.

"ఏమండోయ్! ఇదేం ఎరుపు? ఈ గుడ్డతో కుట్టిన కోటేసుకున్న పెద్దమనిషి వెంట ఎద్దు పడింది!"

తెర కదిలింది. "ఎద్దా?"

"రెండు!"

నవ్వు ఆపుకుంది. "జాలితో వచ్చారా?"

"జాలిపడేవాడు ఇంత గట్టిగా అరుస్తాడా?" గొంతు తగ్గించాడు. "ఆ రోజు భయమేసిందండీ. ఏమంటే ఎక్కడ నొప్పి పుడుతుందోనని. మీరంటే ఇష్టం. అదీ సంగతి."

"నా ఒళ్లు మునుపటిలా లేదు. ఆ జబ్బు మళ్లీ రావచ్చు కూడా."

"వస్తే ఆసుపత్రికొచ్చి పోట్లాడతా. కూర మాత్రం మెచ్చుకోను."

ఆమె తొట్టిలోంచి గుడ్డ పైకి తీసింది. "ఇదిగో మీ బూడిద రంగు."

"నల్లగా ఉందే!"

"తడి గుడ్డ ముదురుగానే కనిపిస్తుంది. దర్జీ అయ్యుండి ఆ మాత్రం తెలీదా? మొదటి రోజూ తడిదే తెచ్చి నన్ను తిట్టారు. నేను మళ్లీ అద్దలేదు, ఆరబెట్టి ఇచ్చానంతే."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే మళ్లీ రారని."

అబ్బాయి ఆ తడి గుడ్డ అంచు పట్టుకుని చూశాడు. "ఇది ఎప్పటికి ఆరుతుంది?"

"ఈ వానలోనా? వారం పట్టచ్చు. ఏళ్లు పట్టచ్చు."

"అయితే ఉంటాను." పీట లాక్కుని కూర్చున్నాడు.

"దాని కాలు విరిగింది నాయనా!" అని లోపల్నుంచి అమ్మ అరిచేలోపే దబ్బున కూలబడ్డాడు. నీలం తొట్టిలో చెయ్యి పడిందేమో, మోచేతిదాకా నీలం.

అమ్మ నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. ఆ నవ్వుకి వాన దారి మళ్లి పక్క ఊరికి పోయింది.

ఆ గుడ్డ ఎప్పుడో ఆరిపోయింది. ఆరిందని ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోరు, అంతే.